షూ చిన్నదైపోలేదు, లేసు బిగిసిపోయింది: కొన్ని అపోహలు - వాస్తవాలు

మొన్న పొద్దున్న షట్టరు సగం లేపానో లేదో, ఓ గుంటడు షూ చేత్తో పట్టుకుని ఉత్తికాళ్లతో నిల్చున్నాడు. వెనకాల వాళ్లమ్మ. "బావూ, పరిగెడితే పాదం మొద్దుబారిపోతందంట. షూ సిన్నదైపోనాది, పెద్ద నెంబరు ఇచ్చీ."

శ్రీకాకుళంలో కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఇదే మాట. పోలీసు, ఆర్మీ సెలక్షన్లు దగ్గరపడితే రోజుకి ఇద్దరు ముగ్గురు. అందుకే రాస్తున్నాను.

అపోహ: పాదం పైన నొప్పి, తిమ్మిరి వస్తే సైజు పెంచాలి.

వాస్తవం: సైజు చిన్నదైతే ముందు గోల పెట్టేది వేళ్లు. నిల్చుని చూసుకోండి, పెద్దవేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే సైజు సరిపోయినట్టే. అలా ఉండి కూడా పాదం పైభాగం మొద్దుబారుతుందంటే తప్పు లేసుది. అక్కడ కండ తక్కువ. నరాలు చర్మం కిందనే పోతాయి. పాదం ఎత్తుగా ఉన్నవాళ్లకి లేసు అడ్డంగా దాటే ప్రతి చోటా సరిగ్గా వాటి మీదే నొక్కు పడుతుంది.

మందు కూడా లేసులోనే ఉంది. నొక్కుతున్న చోటు వేలితో వెతికి పట్టుకోండి. ఆ కన్నాల దగ్గర లేసుని అవతలికి దాటించకుండా, ఎటువైపుది అటువైపే నిలువుగా పై కన్నంలోకి తీసుకెళ్లండి. ఆ పైనుంచి మళ్లీ మామూలుగా ఇంటూ గుర్తులా. మధ్యలో చిన్న కిటికీలా ఖాళీ మిగులుతుంది, అంతే. ఆ గుంటడికి కౌంటరు దగ్గరే కూర్చోబెట్టి కట్టాను. సందు చివరిదాకా రెండుసార్లు పరిగెత్తి వచ్చి వాళ్లమ్మ మొహం చూశాడు. ఆవిడ నా మొహం చూసింది. "డబ్బులేటీ వద్దా?"

వాళ్లమ్మ అసలు బాధ వేరు. నరం చచ్చిపోయిందని ఎవడో చెప్పాడట, షుగరని ఇంకొకడు. ఇలాంటి మాటలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పద్దెనిమిదేళ్ల కుర్రాడి తల్లికి రాత్రంతా నిద్ర లేదు. లేసు వదులు చెయ్యగానే కాసేపట్లో తిమ్మిరి పోతుంటే కంగారు పడక్కర్లేదు. షూ విప్పేసినా, ఉత్తికాళ్లతో ఉన్నా పోకపోతే మాత్రం డాక్టరు దగ్గరికెళ్లండి, నా దగ్గరికి కాదు. షుగరున్నవాళ్లు అసలు ఆలస్యం చెయ్యొద్దు.

సైజు పెంచితే ఏమవుతుందో నా కాలే సాక్ష్యం. కానిస్టేబులు పరుగుకి తయారయ్యే రోజుల్లో నాకూ ఇదే తిమ్మిరి. ఓ కొట్టాయన ఎనిమిది తీసేసి తొమ్మిది అంటగట్టాడు. తిమ్మిరి పోయింది, నిజమే. కానీ కోడి రామ్మూర్తి స్టేడియంలో మలుపు తిరిగినప్పుడల్లా పాదం లోపల ముందుకి జారి వేళ్లు కొట్టుకునేవి. రెండు వారాల్లో పెద్దవేలి గోరు నల్లబడింది, తర్వాత ఊడిపోయింది. సరిగ్గా 1600 మీటర్ల పరుగు ముందు వారం. ఆ ఉద్యోగం వచ్చుంటే ఇవాళ మీకు లేసుల గురించి ఎవరు చెప్పేవారో!

అపోహ: పైన విడిగా ఉండే ఆఖరి కన్నం సోకుకి.

వాస్తవం: మడమ జారకుండా పట్టేది అదే. పక్క కన్నంలోంచి వచ్చిన లేసుని అటువైపే ఉన్న ఆఖరి కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, రెండువైపులా. కుడి కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడెయ్యండి. మడమ కదలదు. షూ మొత్తం బిగించే పని తప్పుతుంది.

అపోహ: ఊడిపోతుంటే రెండు ముళ్లెయ్యాలి.

వాస్తవం: ముందు మీ ముడి చూసుకోండి. పువ్వు పాదానికి అడ్డంగా పడుకోకుండా నిలువుగా తిరిగిపోతుంటే తప్పు ముడి వేస్తున్నట్టు. మొదటి ముడిలో ఎడమది పైన వేస్తే, పువ్వులో కుడిది పైకి రావాలి. సరైన ముడి కూడా ఎప్పటికీ ఉండదనుకోండి. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (బర్క్‌లీ) వాళ్లు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ కెమెరాతో చూశారు. కాలు నేలని గుద్దే దెబ్బ గురుత్వాకర్షణకి ఏడు రెట్లు. ఆ దెబ్బకి ముడి వదులవుతుంది, ఊగే కొసలు దాన్ని బయటికి లాగేస్తాయి. తప్పు ముడి ఇంకా తొందరగా ఊడుతుంది.

అపోహ: ఫలానా డిజైన్‌లో కడితే స్పీడు పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. బర్కార్డ్ పోల్‌స్టర్ అనే లెక్కల మాస్టారు 2002లో లెక్కగట్టి తేల్చింది, గట్టిగా పట్టేవి ఇంటూ గుర్తులా కట్టేది, తిన్నగా అడ్డగీతల్లా కట్టేది అని. మన తాతలు కట్టినవే. రీల్సులో నిచ్చెనలు, సాలీడు గూళ్లు ఫొటోలకి.

మడమ ఉచ్చు వేశాక లేసు పొట్టి పడితే పాతదాన్ని టేపుతో కొలిచి, పది పదిహేను సెంటీమీటర్లు పొడుగుది అడగండి. పరుగుకైతే చదునుది. గుండ్రంగా నున్నగా ఉండేది మెరుస్తుంది గానీ ముడి నిలవదు.