రబాబ్ పట్టుకుని ఊరు దాటినవాళ్లు: కాబూల్ ఖరాబాత్ వీధి కథ

2024 ఆగస్టులో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఆఫ్ఘన్ పిల్లల ఆర్కెస్ట్రా వాయించింది. అంత పెద్ద స్టేజి మీద ఆ పిల్లల్ని చూస్తే అదృష్టమంటే వీళ్లదే అనిపిస్తుంది ఎవరికైనా, కానీ వాళ్లు ప్రోగ్రామ్ ఇవ్వడానికని దేశం దాటలేదు, ప్రాణాలు దక్కించుకోవడానికి దాటారు. ఆ తేడా తెలియాలంటే కాబూల్లో ఒక వీధి గురించి చెప్పుకోవాలి.

ఆ వీధి పేరు ఖరాబాత్. పాత కాబూల్లో బాలా హిస్సార్ కోట పక్కనే ఉండేది. 19వ శతాబ్దం రెండో సగంలో అమీర్ షేర్ అలీ ఖాన్ మన హిందుస్తానీ గాయకుల్ని, వాద్యకారుల్ని తన దర్బారుకి పిలిపించుకుని ఆ చుట్టుపక్కలే ఇళ్లిచ్చాడు. అంటే ఆ వీధి మొదలైందే వలసతో! తర్వాత నాలుగైదు తరాల పాటు ఇంటికో ఉస్తాద్. పొద్దున లేస్తే ఒక గుమ్మంలో తబలా ఇంకో గుమ్మంలో రబాబ్, పిల్లాడు నడక నేర్చుకునేటప్పటికే చెవిలో తాళం పడిపోయేది. శిష్యుడిగా తీసుకునేటప్పుడు గురువు ఆ పిల్లాడి మణికట్టుకి దారం కడతాడు, మన ఉత్తరాది ఘరానాల్లో, అంటే సంగీత పరంపరల్లో, గండా కట్టినట్టే.

రబాబ్ అంటే చూడనివాళ్లకి చెప్తాను. మల్బరీ మొద్దుని ఒకటే ముక్కగా తొలిచి చేస్తారు, అదే మన హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులకి ఆకు కోసే మల్బరీ, కాకపోతే అక్కడ పెద్ద చెట్టుగా పెరగనిస్తారు. కింది భాగానికి మేక తోలు బిగిస్తారు. మీటే తీగలు మూడే, కానీ వాటి పక్కన పదిహేను దాకా సన్న తీగలుంటాయి, వాటిని మీటకపోయినా పెద్ద తీగ పలికినప్పుడు అవి వాటంతటవే మోగుతాయి. ఆ మోత వల్లే రబాబ్ విన్నాక చెవిలో చాలాసేపు ఉండిపోతుంది. మన సరోద్ దీన్నుంచే వచ్చిందంటారు.

విదేశాలకి వెళ్లడం వాళ్లకి కొత్తేం కాదు. ఉస్తాద్ మొహమ్మద్ ఒమర్ అని రేడియో కాబూల్లో రబాబ్ వాయించే పెద్దాయన, 1974లో అమెరికా వెళ్లి సియాటిల్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో పాఠం చెప్పాడు, అక్కడ ఆయన కచేరీకి తబలా వాయించింది 23 ఏళ్ల జాకిర్ హుస్సేన్. ఆ కచేరీ రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది, వినండి. అసలు సంగతేంటంటే ఆయన పాఠం చెప్పి, కచేరీ చేసి ఇంటికి తిరిగొచ్చేశాడు. అప్పట్లో వెళ్లడం అంటే వెళ్లి రావడం.

1978లో కమ్యూనిస్టుల విప్లవం, మరుసటి ఏడు సోవియట్ సైన్యం, అక్కడితో రాకపోకల లెక్క మారిపోయింది. నిజంగా వీధి కూలింది మాత్రం 1992 నుంచి 96 మధ్య, సోవియట్లతో పోరాడిన ముజాహిదీన్ వర్గాలు కాబూల్ కోసం కొట్టుకుంటూ రాకెట్లు కురిపిస్తే ఖరాబాత్ మట్టిగోడలు మట్టిలోనే కలిసిపోయాయి. చాలామంది తాలిబాన్ల వల్లే సంగీతం పోయిందనుకుంటారు గానీ వాళ్లు వచ్చేనాటికే అక్కడివాళ్లు కట్టుబట్టలతో పాకిస్తాన్‌లోని పెషావర్ చేరిపోయారు. 1996లో తాలిబాన్లు వచ్చాక వాద్యాల మీద పూర్తి నిషేధం పెట్టారు. చెక్‌పోస్టుల దగ్గర కార్లు ఆపి క్యాసెట్లు పగలగొట్టి లోపలి టేపు పీకి స్తంభాలకి, చెట్లకి వేలాడదీసేవాళ్లు. ఉండిపోయినవాళ్లలో కొందరు వాద్యాల్ని నేలలో పాతిపెట్టుకున్నారు.

పెషావర్లో ఖలీల్ హౌస్ అని ఒక బిల్డింగ్ నిండా ఆఫ్ఘన్ సంగీత బృందాలే ఉండేవి. పెళ్లి ఉందని ఎవరైనా వస్తే వెళ్లి వాయించి రావడం, కాబూల్ గజళ్లతో పెరిగినవాళ్లు కూడా అక్కడి పష్తూన్ పెళ్లిళ్లలో అడిగిందే వాయించడం, పొట్టకూటికి తప్పదు కదా. రబాబ్ వాయించే హుమాయూన్ సఖీ అక్కడ పేరు తెచ్చుకున్నవాడే, వాళ్ల నాన్న మొహమ్మద్ ఒమర్ శిష్యుడు. 1992లో కుటుంబంతో పెషావర్ చేరి 2002 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి వెళ్లాడు, అక్కడ ఆఫ్ఘన్లు ఎక్కువ, లిటిల్ కాబూల్ అని పిలుచుకుంటారు. తర్వాత క్రోనోస్ క్వార్టెట్ అనే అమెరికన్ వయొలిన్ బృందంతో కలిసి రికార్డింగు కూడా చేశాడు. గొప్ప విషయమే. కానీ పెషావర్ నుంచి అంత దూరం చేరగలిగింది ఎంతమంది?

2001లో తాలిబాన్లు దిగిపోయాక కొంతమంది తిరిగొచ్చారు. 2010లో అహ్మద్ సర్మస్త్ కాబూల్లో జాతీయ సంగీత విద్యాలయం పెట్టాడు, ఆడపిల్లలతోనే జోహ్రా అనే ఆర్కెస్ట్రా తయారైంది. 2014 డిసెంబరులో పిల్లల ప్రదర్శన జరుగుతుంటే ఆత్మాహుతి దాడి చేశారు, సర్మస్త్ తీవ్రంగా గాయపడ్డాడు, వినికిడి దెబ్బతింది, అయినా స్కూలు మూయలేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబాన్ల చేతిలో పడిపోయాక మాత్రం ఇంక కుదరలేదు, విద్యార్థులు, టీచర్లు, కుటుంబాలు కలిపి 273 మంది దోహా మీదుగా పోర్చుగల్ చేరారు. కార్నెగీ హాల్లో వాయించింది ఈ స్కూలు పిల్లలే.

ఇలా స్కూలు, పేరు, విదేశాల్లో మాట సాయం చేసేవాళ్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. పల్లెల్లో పాడుకునేవాడికి ఏముంది? బగ్లాన్ ప్రావిన్సు అందరాబ్ లోయలో ఫవాద్ అందరాబీ అనే జానపద గాయకుడు ఘీచక్ అనే కమానుతో వాయించే తీగ వాద్యం వాయిస్తూ కొండల పాటలు పాడేవాడు. తాలిబాన్లు ముందొకసారి ఆయన ఇల్లు సోదా చేశారు, కూర్చుని టీ కూడా తాగి వెళ్లారు. మళ్లీ వచ్చి పొలంలో తలకి తుపాకీ పెట్టి కాల్చేశారని కొడుకు చెప్పాడు. కాబూల్ పడిన రెండు వారాల లోపే ఇది! 2023 జులైలో హెరాత్‌లో తబలాలు, హార్మోనియంలు కుప్పపోసి తగలబెట్టారు.

అందుకే మళ్లీ పెషావర్. ఈసారి ఆ ఊరు కూడా ఆదుకోలేదు. కాగితాల్లేని విదేశీయులంతా 2023 నవంబరు 1 లోపు వెళ్లిపోవాలని పాకిస్తాన్ చెప్పేసింది. వెనక్కి పంపితే చంపేస్తారని కొందరు సంగీతకారులు పెషావర్ హైకోర్టుకి ఎక్కాల్సి వచ్చింది. నా దృష్టిలో అసలు సమస్య వీళ్లది, కార్నెగీ హాలు గురించి రాసినంతలో పదో వంతు కూడా వీళ్ల గురించి ఎవరూ రాయరు.

2024 డిసెంబరులో యునెస్కో రబాబ్ తయారీని, వాయించే విద్యని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నాలుగు దేశాల పేరు మీద. ఆ నాలుగింట్లో మొదటి దేశంలో ఆ రోజు కూడా రబాబ్ చేత్తో పట్టుకుని బజారులో నడిచే వీల్లేదు.