రాకెట్‌కు బాడుగ

పిల్లలూ,

మొన్న సూళ్లూరుపేటలో మా మేడ మీద నిలబడి రాకెట్ చూశాం. వెలుగు పైకి పాకాక కాసేపటికి శబ్దం వచ్చి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పక్కింటి ఏడో తరగతి పాప అడిగింది: "తాతయ్యా, హైదరాబాద్‌లో రాకెట్ల కంపెనీ పెట్టారంట కదా, వాటిని ఎవరు కొంటారు?"

కొనరమ్మా, బాడుగ ఇస్తారు.

మాది గూడూరు దగ్గర పల్లె, నిమ్మతోటల ఊరు. చిన్నప్పుడు మా నాన్న కాయలు బస్తాలకెత్తి రోడ్డు పక్కన లారీ కోసం కూర్చునేవాడు. లారీ నిండితే గానీ కదలదు. పెద్ద రైతు కోత ఆలస్యమైతే మా నాలుగు బస్తాలు ఎండలో ఉండాల్సిందే. నాన్న ఒక కాయ తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా మళ్లీ బస్తాలో వేసేవాడు. మెత్తబడిన కాయకు మార్కెట్లో ధర రాదు.

చిన్న ఉపగ్రహాలదీ అదే పరిస్థితి. 2017 ఫిబ్రవరి 15న మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఒకే ట్రిప్పులో 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. అందులో 101 విదేశాలవి. అసలు సరుకు భూమిని ఫొటోలు తీసే మన కార్టోశాట్. మిగతావన్నీ దాని తేదీకి, దాని దారికి సర్దుకున్నవే. నాలుగు బస్తాల రైతుకు లారీ బదులు ఓ ఆటో ఉంటే? అలాంటి ఆటో తయారుచేద్దామనే ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ కంపెనీ పెట్టారు. 2022 నవంబర్ 18న వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ మన శ్రీహరికోట నుంచే లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది. అది ట్రయల్ మాత్రమే. అయినా ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ కాయకు ఇంతని చూస్తే ఆటో బాడుగే ఎక్కువ పడుతుంది. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ లారీ అయితే సరుకు పంపేసి, కింది భాగం నేలకు తిరిగొస్తుంది. దాన్నే మళ్లీ వాడతారు. 2021 జనవరిలో ఒక్కసారే 143 ఉపగ్రహాలను ఎక్కించుకుంది. ఆ చవక బాడుగ ముందు నిలబడటమే చిన్న కంపెనీల టెన్షన్.

పైగా లారీ ఆగితే బానెట్ ఎత్తి చూసుకోవచ్చు. రాకెట్‌ను దారిలో ఆపలేం. 2023 జనవరిలో వర్జిన్ ఆర్బిట్ అనే అమెరికా కంపెనీ రాకెట్‌లో ఇంధనం గొట్టంలోని ఒక ఫిల్టర్ ఊడింది. తొమ్మిది ఉపగ్రహాలు పోయాయి, ఏప్రిల్‌కు కంపెనీ దివాలా తీసింది. స్పేస్‌ఎక్స్‌కు కూడా మొదటి మూడు రాకెట్లు వరసగా పోయాయి, 2008 సెప్టెంబర్‌లో నాలుగోది నిలబడింది. కాబట్టి కూలిన రాకెట్‌ను చూసి నవ్వకండర్రా. దాని వెనక ఎందరి నిద్రలేని రాత్రులో ఉంటాయి.

ఇక్కడితో నా లారీ పోలిక చాలదు. దింపిన నిమ్మకాయలు దింపిన చోటే ఉంటాయి. రాకెట్ వదిలిన ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో, పడకుండా, మన చుట్టూ తిరుగుతూనే ఉంటుంది! ఎందుకు పడదో నేను చెప్పేకంటే ముందు మీరే చూడండి. పొద్దుగూకిన గంటకు మేడెక్కండి. మిణుకుమనకుండా, నిదానంగా సాగే చుక్క కోసం వెతకండి. దొరికితే చూపు తిప్పకండి, ఒక్కోసారి నడి ఆకాశంలోనే భూమి నీడలోకి జారి ఆరిపోతుంది. ఎటు నుంచి ఎటు వెళ్లిందో నాకు రాయండి.

మీ తాతయ్య