ఆవకాయలో ‘సమానం’ గిన్నెతోనా, కాటాతోనా?

కోయంబేడు మార్కెట్‌కు మామిడికాయలు దిగగానే చెన్నై తెలుగిళ్లలో పాత తగువు మళ్లీ లేచింది. ఉప్పు, కారం, ఆవపిండి సమానం అంటారు కదా, ఆ సమానం గిన్నెతోనా, కాటా మీదా? బూజు పట్టిన జాడీల ఫొటోలు వాట్సాప్‌లో ఒకవైపు, నోట పెట్టలేనంత ఉప్పైన జాడీల కథలు మరోవైపు.

1958లో మొదలైన మెట్రిక్ తూకాలు అరవైల మొదట్లో దుకాణాలన్నిటికీ పాకిన సంగతి తెలిసిందే. అయినా 1967 ఎన్నికల్లో డీఎంకే రూపాయికి మూడు పడుల (పడి అంటే తమిళనాట గింజలు కొలిచే పాత్ర) బియ్యం అంది గానీ ఇన్ని కిలోలు అనలేదు. గెలిచాక చెన్నై, కోయంబత్తూరుల్లో మొదలుపెట్టిందీ రూపాయికి పడి బియ్యమే. కాగితం మీద కిలో వచ్చినా జనం నోట ‘పడి’ అన్న మాట పోలేదు.

అలాగని మన పెద్దవాళ్లకు తూకం తెలియదనుకుంటే పొరపాటు. ఎండుమిర్చి, చింతపండు వీశెల్లెక్కన కొనేవాళ్లు. మద్రాసు వీశె అంటే 40 పలాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. కొనేటప్పుడు తూకం, కలిపేటప్పుడు కొలత. మిర్చి ఇంట్లో దంచి, రాళ్ల ఉప్పు ఎండబెట్టి పొడి చేసి, ఆవాలు దంచి, మూడూ ఒకే సోలతో కొలిచేవాళ్లు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. ముక్కలు కూడా అదే పాత్రతో పడేవి.

నన్నడిగితే ఈ పేచీకి మూలం ప్యాకెట్టే. టాటా ఉప్పు 1983లో వచ్చింది. అయోడిన్ కలపని మామూలు ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిషేధం ఒకసారి ఎత్తేసినా, 2006లో దేశమంతా మళ్లీ అమల్లోకొచ్చింది. మిల్లు కారం, ఆవపిండి కూడా ప్యాకెట్లయ్యాయి. ప్యాకెట్ మీద గ్రాములుంటాయి గానీ గిద్దలుండవు. అరకిలో కారం ప్యాకెట్ చింపినవాళ్లకు అరకిలో ఉప్పు తూచడమే న్యాయంగా తోస్తుంది.

చిక్కంతా అక్కడే. 240 మిల్లీలీటర్ల కప్పులో సన్న ఉప్పు దాదాపు 290 గ్రాములు పడుతుంది. అదే కప్పులో కారం 120, 130 గ్రాములు, ఆవపిండి 100 గ్రాముల చుట్టుపక్కల. కప్పును తట్టినా, కుదిపినా ఈ లెక్క కాస్త మారుతుంది. కాబట్టి గిన్నెతో సమానమైన ఉప్పు బరువులో కారానికి రెట్టింపు దాటుతుంది. మూడూ కాటా మీద సమానంగా తూచారా, గిన్నె లెక్కలో ఉప్పు కారంలో సగం కూడా ఉండదు. ఊరగాయను నిలబెట్టేదే ఉప్పు. బూజు రాక ఏమవుతుంది?

ఉప్పెక్కువైందన్న వాళ్ల ఫిర్యాదూ అబద్ధం కాదు. ఇంట్లో బరకగా కొట్టిన రాళ్ల ఉప్పు గిన్నెలో ఖాళీలు వదిలి కూర్చుంటుంది. ప్యాకెట్ ఉప్పు సందు లేకుండా నిండుతుంది. అందుకే కొన్ని ఇళ్లలో సన్న ఉప్పైతే ముప్పావు గిన్నే వేస్తారు.

అమెరికా కప్పు 240, రైస్ కుక్కర్ కప్పు 180 అంటూ జరిగే వాదన మాత్రం ఇక్కడ దండగ. అన్నిటికీ ఒకే గిన్నె వాడితే ఆ గిన్నె ఎంతదైనా ఒకటే. నూనె దగ్గర మాత్రం కాస్త చూసుకోవాలి. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసుంటుంది, కిలో కాదు.

“గ్రాముల్లో చెప్పండత్తయ్యా” అనే కోడళ్ల అవసరమూ నిజమే. ఆర్డర్ల మీద యాభై కాయలు పెట్టేవాళ్లు సోలతో ఎన్నిసార్లని కొలుస్తారు? వాళ్లలో తెలివైనవాళ్లు ఆ ఏటి ఉప్పును, ఆ ఏటి కారాన్ని, ఆవపిండిని అత్తగారి గిన్నెతోనే ఒక్కోసారి కొలిచి, కాటా మీద పెట్టి, వచ్చిన అంకెలను కాగితం మీద రాసుకుంటున్నారు. ఉప్పు బ్రాండు మారితే మళ్లీ తూచాల్సిందే.