బట్టతల డాక్టరు చెబుతున్న బట్టతల సంగతులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో మా చర్మవ్యాధుల క్లినిక్. జుట్టు రాలుతోందని వచ్చే కుర్రాళ్ళు కుర్చీలో కూర్చున్నాక ముందు చూసేది గోడ మీది సర్టిఫికెట్ కాదు, నా నెత్తి. నాకు 47 ఏళ్ళు, తల మీద వెంట్రుక ఉంచను, రెండు రోజులకోసారి గీసేస్తాను. చాలామంది చూసీ చూడనట్టు ఊరుకుంటారు గానీ, ఆ మధ్య ఆటోనగర్ నుంచి వచ్చిన ఒకాయన "ఏమనుకోకండి డాక్టర్ గారూ, మీకే దిక్కు లేదు, మాకేం మొలిపిస్తారు?" అని మొహం మీదే అడిగేశాడు. అడగాల్సిన మాటే. మందు వాడాల్సిన వయసులో నేను నూనెలు రాశాను, ఆ తర్వాత మిగిలిన నాలుగు వెంట్రుకలతో నెత్తి కప్పుకుంటూ ఇంకొన్నేళ్ళు తిరిగాను. ఆ రెండు తప్పులూ రోజూ నా ఎదురుగా వచ్చి కూర్చుంటున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: హాస్టల్లో బోరు నీళ్ళ వల్ల, హెల్మెట్ వల్ల ఊడిపోయింది

"ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ కృష్ణా నీళ్ళు సార్, ఒత్తుగా ఉండేది. ఇంజనీరింగ్‌లో చేరాక బోరు నీళ్ళు, ఏడాదిలో ఇలా అయిపోయింది." వారంలో ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదే (సామెత మన సబ్జెక్టులోదే, వాడుకోకపోతే పాపం). ఉప్పునీళ్ళకు వెంట్రుక బిరుసెక్కుతుంది, చిక్కు పడుతుంది, మధ్యలో తెగుతుంది కూడా, కుదురు మాత్రం చావదు. ఒక్కటి ఆలోచించండి, ఆ బోరు నీళ్ళు తల వెనక కూడా పడ్డాయి, చెవుల పక్కన కూడా పడ్డాయి, మరి అక్కడ జుట్టు నిక్షేపంగా ఉందేం? హెల్మెట్ కూడా అంతే, అది తల మొత్తాన్నీ కప్పుతుంది, నడినెత్తిని మాత్రమే వెతుక్కుని నొక్కదు. అసలు సంగతేమిటంటే హాస్టల్లో చేరే వయసు, బండి కొనే వయసు, బట్టతల మొదలయ్యే వయసు దాదాపు ఒకటే. హెల్మెట్ తీసేస్తే జుట్టు మిగలదు, తలే మిగలకపోవచ్చు.

మరి జరిగేదేమిటి? ఒంట్లో ఉన్న టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఒక ఎంజైము డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మారుస్తుంది. కొందరి కుదుళ్ళకు పుట్టుకతోనే ఆ డీహెచ్‌టీ పడదు, అదీ నుదుటి దగ్గర, నడినెత్తిన ఉన్నవాటికే. వెంట్రుక ఒక్కసారిగా పోదు. రాలి మళ్ళీ మొలిచిన ప్రతిసారీ ముందుకన్నా సన్నగా, పొట్టిగా వస్తుంది, చివరికి నూగు మిగులుతుంది. వెనకా పక్కలా ఉన్న కుదుళ్ళకు ఈ గొడవ లేదు. యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవాళ్ళకు బట్టతల రావడం లేదని, వాళ్ళకే టెస్టోస్టిరాన్ ఇస్తే వంశంలో ఉన్నవాళ్ళకు వస్తోందని 1942లోనే అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఇది విని "అయితే నాకు మగతనం ఎక్కువన్నమాట" అని మీసం మెలేసేవాళ్ళుంటారు. సారీ, అదీ అపోహే. బట్టతల ఉన్నవాళ్ళ రక్తంలో ఆ హార్మోను అందరికీ ఉన్నట్టే ఉంటుంది, తేడా కుదుళ్ళ తత్వంలో. బట్టతల ఉంటే డబ్బు నిలుస్తుందని మా నాన్న కూడా నమ్మాడు, ఆయన పాసుబుక్కు మాత్రం నమ్మలేదు.

తాతను చూసుకుంటే చాలు, అమ్మ తరఫు నుంచే వస్తుంది అనే మాటలో సగం నిజం ఉంది. డీహెచ్‌టీని పట్టుకునే గ్రాహకం తాలూకు జన్యువు తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీదే ఉంటుంది. కానీ ఈ వ్యవహారంలో వేలుపెట్టే జన్యువులు చాలా ఉన్నాయి, నాన్న వైపు నుంచీ వస్తాయి. ఇద్దరినీ తిట్టుకోండి.

అపోహ: దువ్వెనకు ఊడి వచ్చిందంటే బట్టతల వచ్చేస్తున్నట్టే

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి, రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే, లెక్కపెట్టుకుని టెన్షన్ పడకండి. గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడుతోందని ఏడుపు మొహంతో వచ్చేవాళ్ళని నేను ముందు అడిగే ప్రశ్న, రెండు మూడు నెలల కిందట ఏమైంది? డెంగీ, టైఫాయిడ్, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం, వీటిలో ఏదో ఒకటి బయటపడుతుంది. ఒంటికి గట్టి దెబ్బ తగిలితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి, రెండు మూడు నెలల తర్వాత కలిసికట్టుగా రాలతాయి. భయంగా కనిపిస్తుంది గానీ చాలామందికి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. అసలు బట్టతల ఇలా గోల చేయదు. నుదుటి మూలలు వెనక్కి జరుగుతుంటాయి, నడినెత్తి పల్చబడుతుంటుంది, మనకన్నా ముందు సెలూన్‌లో అతనికి తెలుస్తుంది.

ఇంకోటి పేనుకొరుకుడు, రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిపోవడం. పేనుకీ దీనికీ సంబంధం లేదు, మన రోగనిరోధక వ్యవస్థే మన కుదుళ్ళ మీద పడుతుంది. చిన్న మచ్చలు వాటంతటవే పూడతాయి, లేకపోతే ఆ చోట ఇచ్చే స్టిరాయిడ్ ఇంజక్షన్లున్నాయి. దయచేసి గురివింద గింజ అరగదీసి పూయకండి, అందులో ఉన్నది ఆషామాషీ విషం కాదు, చర్మం పుండుపడి వచ్చినవాళ్ళని చూశాను.

అపోహ: మంచి నూనె పడితే వచ్చేస్తుంది

ఇక్కడ నా కథే చెప్పాలి. 23 ఏళ్ళకు మూలలు జరగడం మొదలైంది, అప్పటికి ఎంబీబీఎస్ చివరికొచ్చాను, పుస్తకంలో ఏముందో తెలుసు. అయినా మా అమ్మ గుంటగలగరాకు రసం, మందారాకులు వేసి కాచిన నూనె సీసాలు పంపిస్తుంటే కాదనలేక, నిజం చెప్పాలంటే నాక్కూడా అదే నిజమైతే బాగుండుననిపించి, ఆరేళ్ళు రాశాను. మధ్యలో ఉల్లిపాయ రసం కూడా. ఆ వాసనకు హాస్టల్లో నా పక్క మంచం ఖాళీ అయింది. నూనె చెడ్డది కాదు, కొబ్బరినూనె వెంట్రుకను తెగకుండా కాపాడుతుంది, అమ్మ చేత్తో మర్దనా చేస్తే నిద్ర పడుతుంది. డీహెచ్‌టీని ఆపదు, అంతే. నేను పోగొట్టుకున్నది నూనె డబ్బు కాదు, ఆ ఆరేళ్ళు. కుదురు పూర్తిగా మూసుకుపోయాక ఏ మందూ దాన్ని లేపలేదు.

బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు కూడా ఇదే పద్దు. ఆ లోపం నిజంగా ఉన్నవాళ్ళు అరుదు, పైగా అది థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల ఫలితాల్ని తారుమారు చేస్తుంది, పరీక్షకు వెళ్ళేముందు వాడుతున్నట్టు చెప్పండి.

అపోహ: బట్టతలకు మందే లేదు. ఉన్న మందు వాడితే మగతనం పోతుంది

ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే ఊపిరిలో చెబుతాడు! పనిచేస్తాయని గట్టిగా రుజువైనవి ముఖ్యంగా రెండు. ఒకటి మినాక్సిడిల్. ఇది మొదట బీపీ మాత్ర. మింగినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు వస్తుంటే చూసి, తలకు రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. రాయడం మొదలుపెట్టిన తొలి వారాల్లో కొంచెం ఎక్కువ రాలుతుంది, పాతవాటిని తోసేసి కొత్తవి వస్తున్నాయన్నమాట, సగం మంది సరిగ్గా అక్కడే భయపడి సీసా అవతల పారేస్తారు. కనీసం నాలుగు నెలలు ఆగాలి. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, దానికి ఇది విషం.

రెండోది ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర, 1997లో వచ్చింది. డీహెచ్‌టీ తయారీనే తగ్గిస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే, డీహెచ్‌టీని తయారుచేసే ఆ ఎంజైము లోపించినవాళ్ళకు బట్టతల రావడం లేదని, ప్రోస్టేట్ పెరగడం లేదని 1974లో బయటపడింది, ఈ మందు వెనక ఉన్న ఆలోచన అదే. చాలామందికి రాలడం ఆగుతుంది, కొందరికి కొంత తిరిగి వస్తుంది. ఇక అసలు భయం: అవును, కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభనలో ఇబ్బంది వస్తాయి, ఎక్కువమందికి ఆపేస్తే సర్దుకుంటాయి, ఆపాక కూడా ఇబ్బంది ఉందని చెప్పినవాళ్ళున్నారు, మనసు కుంగడం గురించి కూడా ఫిర్యాదులున్నాయి. దాచను. అందుకే మెడికల్ షాపులో స్నేహితుడి చీటీ చూపించి కొనుక్కునే మందు కాదిది. గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు, వాడేవాళ్ళు రక్తదానం చేయకూడదు, పెద్దవయసులో ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే అంకె సగానికి పడిపోయి కనిపిస్తుంది కాబట్టి డాక్టరుకు చెప్పాలి.

"ఎన్నాళ్ళు వాడాలి సార్?" జుట్టు కావాలనుకున్నన్నాళ్ళు. ఆపితే ఏడాదిలోపే మొదటికొస్తుంది. బీపీ మాత్రకు ఈ ప్రశ్న వేయరు గానీ, దీనికి మాత్రం అందరూ వేస్తారు.

అపోహ: ఇవన్నీ ఎందుకు, ట్రాన్స్‌ప్లాంట్ చేయించేసుకుంటే పోతుంది

ట్రాన్స్‌ప్లాంట్‌లో కొత్త జుట్టు పుట్టదు. వెనక ఉన్నది ముందుకు వస్తుంది. తీసిన చోట మళ్ళీ మొలవదు, అంటే అది పొదుపుగా ఖర్చుపెట్టాల్సిన సొమ్ము. 21 ఏళ్ళ కుర్రాడికి ముందు వరస కిందికి దించి నాటేస్తే, వాడి సొంత జుట్టు వెనక్కి పోతూనే ఉంటుంది, 30 వచ్చేసరికి ముందొక గట్టు, మధ్యలో కాలవ. అందుకే నాటించుకున్నాక కూడా మందు తప్పదు. మూడు వారాల్లో ముహూర్తం పెట్టుకుని వచ్చే పెళ్ళికొడుకులకు చెబుతున్నాను, నాటిన వెంట్రుకలు తొలి వారాల్లోనే రాలిపోయి, మూడు నాలుగు నెలలకు మొలవడం మొదలై, పూర్తి రూపానికి ఏడాది పడుతుంది. పెళ్ళి ఫోటోల్లో పడేది పొక్కులే. ఆఫర్ చూసి ఎక్కడో చేయించుకుని, డాక్టరు మొహమే చూడకుండా బయటికొచ్చిన ఒకబ్బాయి తల వెనకభాగం చిమటలు కొట్టిన దుప్పటిలా తయారైంది. దాన్ని నేనే కాదు, ఎవరూ సరిచేయలేరు. శిక్షణ పొందిన డాక్టర్లే ఈ పని చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కత్తి పట్టేదెవరో ముందే పేరు అడగండి.

అపోహ: గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుంది

రాదు. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త కొలిచి చూసింది, గీసినందువల్ల వెంట్రుక మందం మారదు. మొన మొద్దుగా తెగడం వల్ల చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. తిరుమలలోనో మన దుర్గమ్మ కొండ దగ్గరో మొక్కు తీర్చుకోవడానికి ఒక్క లాభం మాత్రం ఉంది: గుండు మీకు ఎలా ఉంటుందో ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా చూసుకోవచ్చు. నా పేషెంట్లకు ఈ సలహా నేనే ఇస్తుంటాను.

అపోహ: బట్టతల ఉంటే అందంగా కనిపించం, అందుకే కప్పాలి

2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ మానెస్ అనే పరిశోధకుడు ఒకే మనుషుల ఫోటోలు జుట్టుతోను, కంప్యూటర్‌లో గుండు చేసీ చూపించాడు. గుండు ఉన్నప్పుడు దాదాపు ఒక అంగుళం పొడుగు, 13 శాతం బలవంతుడు అన్నట్టు చూసేవాళ్ళు అంచనా వేశారు. కొంచెం పెద్దవయసుగా, అందం కాస్త తక్కువగా కూడా లెక్కేశారు, అది దాచి ఒక్కటే చెప్పడం నాకిష్టం లేదు. అన్నిటికన్నా తక్కువ మార్కులు ఎవరికొచ్చాయో తెలుసా, అక్కడక్కడ పల్చగా మిగుల్చుకున్నవాళ్ళకి. ఎడమ చెవి మీద నుంచి కుడి చెవికి దువ్వే బాపతు, అంటే అప్పటి నేను.

గీయించుకోవాలనుకుంటే ముందు ట్రిమ్మర్‌తో జీరో చేయించి రెండు వారాలు తిరగండి. గడ్డం ఉంచుకుంటే మొహానికి కింద ఒక అంచు దొరుకుతుంది, కానీ దాన్ని చెక్కినట్టు ఉంచుకోవాలి, చెవుల పక్క కుచ్చులు వదిలేసి గడ్డం పెంచితే దీక్షలో ఉన్నట్టుంటారు. మొదట్లో మాడు తెల్లగా, మొహం నల్లగా, కుండా మూతా వేరువేరన్నట్టు కనిపిస్తుంది, కలవడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఫంక్షన్‌కి ముందురోజు ఈ సాహసం చేయకండి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మన బ్లేజువాడలో, బోడిగుండుతో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ మొహానికి రాసినట్టే మాడుకీ రాయండి, టోపీ పెట్టండి.

ఇక పెళ్ళిసంబంధాలకు పాత ఫోటో పంపే అలవాటు మానేయండి. 30 ఏళ్ళ వయసులో నేను మంగళగిరికి పెళ్ళిచూపులకు వెళ్ళాను. పంపిన ఫోటో ఎంబీబీఎస్ రెండో ఏడాదిది. జెల్ రాసి, నెత్తంతా కప్పి, స్నేహితుడి బండి వెనక కూర్చుని ప్రకాశం బ్యారేజీ ఎక్కాను. కృష్ణ మీద గాలి సంగతి మీకు తెలుసుగా, అవతలి ఒడ్డుకు చేరేసరికి కప్పిందంతా లేచి ఒకపక్క జెండాలా నిలబడిపోయింది. అలాగే వెళ్ళి వాళ్ళింట్లో కూర్చున్నాను. పిల్ల నాయనమ్మ మంచినీళ్ళిచ్చి, గుమ్మం వైపు చూస్తూ "అబ్బాయి ఇంకా రాలేదా బాబూ?" అని నన్నే అడిగింది.