2006 నాటి పేటెంటు, నేటి కళాశాల సర్వర్

హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాలల్లో కొత్త విద్యాసంవత్సరానికి ముందు తరచూ వచ్చే చర్చ ఈసారీ వచ్చింది. సొంత సర్వర్‌పై నడుస్తున్న మూడుల్‌ను (పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) పక్కనపెట్టి, హాజరు, ఫీజులు, ఇంటర్నల్ మార్కులు, సీఓ-పీఓ లెక్కలు (కోర్సు, ప్రోగ్రామ్ లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయన్న లెక్కలు) అన్నీ ఒకేచోట చూపించే క్లౌడ్ వేదికకు విద్యార్థికి ఇంత చొప్పున ఏటా చందా కట్టాలా, లేక ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా అన్నది ప్రశ్న. యాజమాన్యాలు దీన్ని ఖర్చు లెక్కగా చూస్తున్నాయి, అధ్యాపకులు చాలామంది అలవాటు విషయంగా చూస్తున్నారు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పాఠాలనూ ప్రశ్నలనూ అవసరమైనప్పుడు మనతో తీసుకుపోగలమా అన్న సంగతి మాత్రం రెండు వైపులా వెనకబడిపోతోంది. అది ఎంత ముఖ్యమో తెలియాలంటే 2005 అక్టోబరు నుంచి 2009 జులై వరకు ఉత్తర అమెరికాలో నడిచిన ఒక వ్యవహారాన్ని గుర్తుచేసుకోవాలి.

ఓపెన్ సోర్స్ అంటే సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండి, ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్. అంతకుమించి ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఉన్న కర్టిన్ విశ్వవిద్యాలయంలో, ఆన్‌లైన్ కోర్సులు నడిపే వెబ్‌సీటీ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌కు నిర్వాహకుడిగా పనిచేసిన మార్టిన్ డౌగియామాస్, దాని పరిమితులతో విసిగి మూడుల్‌ను రాయడం మొదలుపెట్టి, 2002 ఆగస్టులో తొలి వెర్షన్ విడుదల చేశారన్నది గుర్తుంటే చాలు.

2005 అక్టోబరులో ఇలాంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌నే అమ్మే బ్లాక్‌బోర్డ్ సంస్థ తన ప్రధాన పోటీదారైన ఆ వెబ్‌సీటీనే సుమారు 18 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2006 ఫిబ్రవరి చివరికి కొనుగోలు పూర్తయింది. వెబ్‌సీటీ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు తన తరగతి కోసం మొదలుపెట్టిన పని. రెండింటినీ పోల్చి చూసి, కావాలనే దాన్ని ఎంచుకున్న విశ్వవిద్యాలయాలు కూడా, తమ ప్రమేయమేమీ లేకుండానే, వద్దనుకున్న సంస్థకు ఖాతాదారులైపోయాయి. తర్వాతి ఏళ్లలో వెబ్‌సీటీ పేరు మాసిపోయింది, ఉత్పత్తి ఆగిపోయింది, అందులో ఉన్న కోర్సులను మరో వేదికకు మార్చుకునే శ్రమ విశ్వవిద్యాలయాల నెత్తిన పడింది.

ఆ కొనుగోలు పూర్తికాకముందే, 2006 జనవరి 17న, అమెరికా పేటెంటు కార్యాలయం బ్లాక్‌బోర్డ్‌కు 6,988,138 సంఖ్యతో ఒక పేటెంటు మంజూరు చేసింది. దానిలోని కీలకాంశం మన అధ్యాపకులకు ఎంత మామూలు విషయమో చూడండి: ఒకే వ్యక్తి ఒకే లాగిన్‌తో ఒక కోర్సులో బోధకుడిగా, మరో కోర్సులో విద్యార్థిగా ఉండగలగడం. ఎంటెక్ చదువుతూ బీటెక్ ల్యాబ్ చూసే ప్రతి టీచింగ్ అసిస్టెంటుకూ ఇది రోజువారీ అనుభవం. అదే ఏడాది జులై 26న బ్లాక్‌బోర్డ్ ఆ పేటెంటు ఆధారంగా కెనడాకు చెందిన పోటీ సంస్థ డిజైర్‌టులెర్న్‌పై టెక్సస్‌లో దావా వేసింది. పరిశోధనకు డబ్బు పెట్టినవారు దాన్ని కాపాడుకోవడం న్యాయమే అన్నది బ్లాక్‌బోర్డ్ వాదన.

డిజైర్‌టులెర్న్ కూడా వాణిజ్య సంస్థే. అయినా ఎక్కువ అలజడి రేగింది ఓపెన్ సోర్స్ వర్గాల్లో, ఎందుకంటే ఆ పేటెంటు నిలబడితే తర్వాతి వంతు మూడుల్‌దో, మిషిగన్, ఇండియానా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలూ ఎంఐటీ కలిసి 2004లో చేపట్టిన మరో ఓపెన్ సోర్స్ వేదిక సకాయ్‌దో కావచ్చన్న భయం ఉంది. అప్పుడు జరిగిన పని నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి కేంద్రం. పేటెంటు దరఖాస్తుకు ముందే ఇలాంటి వ్యవస్థలు ఉన్నాయని చూపే పాత డాక్యుమెంట్లనూ తేదీలనూ ప్రపంచం నలుమూలల నుంచి అధ్యాపకులు, ప్రోగ్రామర్లు వెతికి బహిరంగంగా పోగుచేశారు. సకాయ్, మూడుల్, అలాంటిదే అయిన ఏట్యూటర్‌ల తరఫున, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు న్యాయసహాయం చేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ 2006 నవంబరులో పేటెంటును తిరిగి పరిశీలించాలని కోరగా, 2007 జనవరిలో పేటెంటు కార్యాలయం అందుకు అంగీకరించింది. మరుసటి నెలలోనే బ్లాక్‌బోర్డ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌పై తన పేటెంట్లను ప్రయోగించబోనని హామీ ఇచ్చింది. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌తో కలిపి అందించే ఓపెన్ సోర్స్‌కు ఆ హామీ స్పష్టంగా వర్తించనందున, ఉన్నత విద్యలో సాంకేతికతపై పనిచేసే ఎడ్యుకాజ్, సకాయ్ సంస్థలు దాన్ని సంపూర్ణంగా సమర్థించలేదు.

2008 ఫిబ్రవరిలో జ్యూరీ బ్లాక్‌బోర్డ్‌కు సుమారు 31 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలన్నా, 2009 జులైలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ పేటెంటు క్లెయిములు చెల్లవని తేల్చింది. ఆ మూడేళ్లూ దావా పడిన సంస్థ ఖాతాదారులకు తీర్పు కోసం ఎదురుచూడటం తప్ప చేతిలో పనేమీ లేదు. సోర్స్ కోడ్ చేతిలో ఉన్నవారు మాత్రం తమ వ్యవస్థను తామే కాపాడుకునే ప్రయత్నంలో భాగమయ్యారు.

2012 మార్చిలో బ్లాక్‌బోర్డ్, మూడుల్ సేవలు అందించే మూడుల్‌రూమ్స్, నెట్‌స్పాట్ సంస్థలను కొన్నప్పుడు ఇదే తేడా మరోసారి తేలింది. కంపెనీలు చేతులు మారాయి, ఎవరైనా వాడుకుని మార్చుకునే హక్కునిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న కోడ్ మారలేదు. ఆ కంపెనీలు నచ్చనివారు అదే మూడుల్‌ను మరొకరి దగ్గరో తమ సొంత సర్వర్‌పైనో నడుపుకోగలిగారు. వెబ్‌సీటీ ఖాతాదారులకు ఆ దారి లేదు.

మన నగరంలో ట్రిపుల్ ఐటీ, బిట్స్ క్యాంపస్ వంటి చోట్ల మూడుల్ చాలాకాలంగా వాడుకలో ఉంది. 2020 మార్చిలో తరగతులు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు అటువంటి ఏర్పాటు లేని కళాశాలలు చాలావరకు గూగుల్ క్లాస్‌రూమ్‌లో చేరాయి. ఆ పరిస్థితిలో ఎవరినీ తప్పుపట్టలేం. వారంలో పాఠం మొదలుకావాలి, గూగుల్ డబ్బు అడగలేదు, స్టోరేజికి పరిమితి లేదు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ ఆ అపరిమిత స్టోరేజిని ఎత్తివేస్తున్నట్టు ప్రకటించి, 2022 జులై నుంచి ఒక్కో సంస్థకు మొత్తం 100 టెరాబైట్ల ఉమ్మడి పరిమితి పెట్టింది. అప్పటికి రెండేళ్ల రికార్డింగులు పోగేసుకున్న పెద్ద సంస్థలు ఏది ఉంచాలో, ఏది తుడిచేయాలో తేల్చుకోవలసి వచ్చింది. ఉచితంగా దొరికినదంతా మన సొంతం కాదని చాలామందికి మొదటిసారి అర్థమైంది అప్పుడే.

యాజమాన్యాల ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఈ మధ్య ఒక కళాశాల సర్వర్ గదికి వెళ్లాను. మూడుల్ ప్రతి నిమిషం తనంతట తాను నడపాల్సిన క్రాన్ (వేళకు పనులు చేయించే ఏర్పాటు) ఆగిపోయి ఉంది, అసైన్‌మెంట్ గడువు గుర్తుచేసే మెయిళ్లు నెలలుగా విద్యార్థులకు వెళ్లడం లేదు. మూడుల్ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష వెర్షన్ పాతది కావడంతో కొత్త మూడుల్ వెర్షన్ ఎక్కదు. ఏర్పాటు చేసిన సిస్టమ్ అడ్మిన్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోతే ఆ స్థానంలో ఎవరినీ నియమించలేదు. మిడ్ పరీక్షల ఆన్‌లైన్ క్విజ్‌కు అందరూ ఒకేసారి లాగిన్ కాగానే అది నిలిచిపోయిందంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, మనిషిని పెట్టని నిర్ణయానిది. క్లౌడ్ వేదికకు కట్టే వార్షిక చందాతో ఒక మంచి అడ్మిన్ జీతం వస్తుందా రాదా అన్న లెక్క మాత్రం ఈ నిర్ణయం తీసుకునే కళాశాల కమిటీ ముందుకు ఎవరూ తేలేదు.

అదే గదిలో ఒక జూనియర్ అధ్యాపకురాలు తన డేటా స్ట్రక్చర్స్ కోర్సును బ్యాకప్ తీశారు. నాలుగు బ్యాచ్‌లకు వాడిన ప్రశ్నల బ్యాంకు, రూబ్రిక్‌లు (మార్కులు వేసే కొలమానాలు), ఫోరంలో విద్యార్థుల సందేహాలకు ఇచ్చిన జవాబులు, అన్నీ కలిపి ఒక్క ఎంబీజెడ్ ఫైలు (మూడుల్ బ్యాకప్ ఫైలు) అయ్యాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క బల్లపై తన లాప్‌టాప్‌లో ఉన్న మూడుల్‌లో రీస్టోర్ చేస్తే, టీ చల్లారేలోపే కోర్సంతా తెరపై ఉంది. “మేడమ్, కొత్త వేదికలో కూడా ఇలా తీసుకోవచ్చా?” అని నేను అడిగితే ఆమె బీరువాలోంచి ఒప్పందం ముసాయిదా తీసి చూపించారు.

సేవ ముగిశాక కళాశాల డేటాను తిరిగి ఇస్తామని అందులో ఒక వాక్యం ఉంది. ఏ రూపంలో ఇస్తారో లేదు, ప్రశ్నల బ్యాంకు, గ్రేడ్‌బుక్ ఆ డేటాలోకి వస్తాయో రావో లేదు, వేదికను మరో కంపెనీ కొంటే ఈ షరతు వర్తిస్తుందో లేదో కూడా లేదు. కమిటీ సంతకానికి ముందు ఆ మూడు అంశాలూ చేర్చాలని ఆమె రాతపూర్వకంగా అడిగారు. విక్రేత నుంచి సమాధానం ఇంకా రాలేదు.