చిటారు కొమ్మన పురుగుల వేట

చెట్టు మీద పెరిగే మొక్క అనగానే మనకు బదనిక గుర్తొస్తుంది. కాటాప్సిస్ బెర్టెరోనియానా ఆ తరహాది కాదు. దక్షిణ ఫ్లోరిడా నుంచి బ్రెజిల్ దాకా కనిపించే ఈ మొక్క అనాసకు చుట్టం. వేళ్లున్నది కొమ్మను పట్టుకోడానికే, చెట్టు రసం ఒక్క చుక్క కూడా తాగదు. నీళ్లూ పోషకాలూ ఆకుల మీది సన్నని పొలుసుల గుండానే లోపలికి వెళ్తాయి. నిటారుగా లేచిన ఆకుల మొదళ్లు ఒకదాన్నొకటి పొదువుకుని తొట్టిలా ఏర్పడతాయి. అందులో వాననీళ్లు నిలుస్తాయి.

అనాస కుటుంబపు మొక్కలను బ్రొమీలియాడ్‌లంటారు. వాటిలో ఇలా నీళ్లు నిలుపుకునే బ్రొమీలియాడ్‌లు చాలానే ఉన్నాయి. కింది కొమ్మల నీడలో ఉండేవాటికి తిండికి లోటు లేదు. పైనుంచి రాలిన ఆకులూ పూరేకులూ ఆ నీళ్లలోనే కుళ్లి ఎరువవుతాయి. కాటాప్సిస్ మాత్రం నడినెత్తిన ఎండ కొట్టే చోటునే ఎంచుకుంటుంది. అక్కడ వెలుతురు పుష్కలం. ఆకు రాల్చడానికి మాత్రం పైన ఇంకో కొమ్మంటూ ఉండదు. మరి నత్రజని ఎక్కణ్ణుంచి రావాలి?

పురుగుల నుంచి. ఆకుల మొదళ్ల దగ్గర సుద్దపొడి లాంటి తెల్లటి మైనం దట్టంగా ఉంటుంది. అది అతినీలలోహిత కాంతిని వెనక్కి కొడుతుందనీ, ఎగిరే పురుగులు ఆకును ఆకాశమనుకుని వచ్చి గుద్దుకుంటాయనీ ఒక వివరణ. నాకు అంతకన్నా జారుడే బలమైన కారణమనిపిస్తుంది. ఆ పొడి మీద కాలు నిలవదు కనుక, పడ్డ పురుగు మళ్లీ పైకి పాకలేదు. 1984లో ఫ్రాంక్, ఒమియరా అనే పరిశోధకులు ఫ్లోరిడాలో పోల్చి చూస్తే, మిగతా బ్రొమీలియాడ్‌ల కంటే దీని తొట్టిలో పడ్డ పురుగులు చాలా ఎక్కువ.

అయినా దీన్ని మాంసాహారి అనడానికి కొందరు సందేహిస్తారు. సొంతంగా జీర్ణరసం ఊరుస్తుందని రుజువు కాలేదు, కుళ్లబెట్టే పనంతా బ్యాక్టీరియాది. పైగా అవే నీళ్లలో వైయోమియా దోమల లార్వాలు హాయిగా పెరుగుతాయి! ఈ పేచీ కాస్త అతిగానే తోస్తుంది. మాంసాహారులుగా పేరుపడ్డ హీలియాంఫోరా కూజా మొక్కల్లో చాలావాటికీ వంట చేసిపెట్టేది ప్రధానంగా బ్యాక్టీరియానే కదా.

ఇదే కుటుంబంలో దూరపు శాఖకు చెందిన బ్రొకీనియా రిడక్టా అనే మొక్క వెనెజులా, గయానా ఎత్తైన ప్రాంతాల్లో, సారం లేని ఇసుక నేలల్లో పెరుగుతుంది. దానికీ అవే నిటారు ఆకులు, అదే తెల్లపొడి. ఆ ఎత్తుగడ దానికి విడిగానే అబ్బింది.