చెంచాడు మెంతులు, గిన్నెడు కూర

మధుమేహం ఉందని తేలిన మర్నాటి నుంచే మన ఇళ్లలో చాలామంది రాత్రిపూట చెంచాడు మెంతులు నానబెట్టి, పరగడుపున ఆ నీళ్లు తాగడం మొదలుపెడతారు. దీని వెనుక శాస్త్రం లేకపోలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో వెలువరించిన ఒక చిన్న అధ్యయనంలో, ఇన్సులిన్ వాడే రోగులకు చేదునూ కొవ్వునూ తొలగించిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాముల చొప్పున, మధ్యాహ్న, రాత్రి భోజనాలలో కలిపి పది రోజులు పెట్టగా పరగడుపు చక్కెర తగ్గింది. చెంచాలో పట్టేది నాలుగైదు గ్రాములే. పైగా మెంతులలో ప్రధానంగా పనిచేసేది నీటికి ఉబ్బి జిగురుగా మారి, పిండిపదార్థం జీర్ణమయ్యే వేగాన్ని తగ్గించే పీచు. గింజలను పారేసి నీళ్లు మాత్రమే తాగితే ఆ పీచులో అధికభాగం వాటితోనే పోతుంది.

అసలు మార్పు రావలసింది కంచంలో. న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో, టైప్ 2 మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వేర్వేరు క్రమాల్లో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాలను చివరికి ఉంచినప్పుడు, గంట తరువాతి రక్తచక్కెర సుమారు 37 శాతం తక్కువగా కనిపించింది. మనం కూరనూ పప్పునూ అన్నానికి ఆధరువుగా కలుపుకునేవాళ్లం కనుక ఈ పద్ధతి మనకు ఉన్నదున్నట్టుగా కుదరదు. అయినా ఒక గిన్నెడు కూర, కాస్త పప్పు ముందుగా విడిగా తిని, ఆ మేరకు అన్నం తగ్గించుకోవడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. మెత్తగా దంచిన రాగిపిండితో కాచిన జావను మందులా భావించి గ్లాసుల కొద్దీ తాగేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. పిండి ఎంత మెత్తనైతే అంత త్వరగా జీర్ణమై చక్కెరగా మారుతుందన్న సంగతి వారికి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక మాత్రల రూపంలో అమ్మే పోషకాల విషయానికి వస్తే, మధుమేహపు అంచున ఉన్న 2,423 మందిపై అమెరికాలో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, రోజూ 4,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినా మధుమేహం వచ్చే అవకాశం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. క్రోమియం అనే ఖనిజం చక్కెరను తగ్గిస్తుందనడానికి ఆధారాలు బలహీనమైనవి. దాల్చినచెక్క పేరుతో బజారులో ఎక్కువగా దొరికే కాసియా రకంలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ మోతాదులో రోజూ తీసుకుంటే అది కాలేయానికి హాని చేయగలదు. మధుమేహపు మాత్రలకు తోడుగా ఇలాంటివి సొంతంగా చేర్చుకునేవారు వైద్యుడికి ఆ మాట తప్పక చెప్పాలి.

నిజంగా అడిగి తెలుసుకోవలసింది విటమిన్ బి12 సంగతి. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ల తరబడి వాడేవారిలో అది తగ్గే అవకాశం ఉంది. శాకాహారులకు ఆ ముప్పు మరింత ఎక్కువ. అరికాళ్ల తిమ్మిరిని చక్కెర వల్ల వచ్చిన నరాల జబ్బుగానే భావించి ఊరుకుంటాం గాని, బి12 లోపంలోనూ అదే తిమ్మిరి వస్తుంది, ఆ లోపాన్ని ఒక రక్తపరీక్షతో పట్టుకోవచ్చు.